సొంత డబ్బే కదా, పెట్టుకోనివ్వరేం?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంగ్లాండు ఫుట్‌బాల్ క్లబ్బు న్యూకాజిల్ యజమానుల దగ్గర లెక్కలేనంత డబ్బుంది, వాళ్ళ సొంత డబ్బు వాళ్ళ జట్టు మీద పెట్టుకుంటామంటే అక్కడి ప్రీమియర్ లీగ్ ఎందుకు అడ్డుపడుతోంది? పెద్ద క్లబ్బులు తమ కుర్చీ కాపాడుకోవడానికే ఈ రూల్సు పెట్టించాయా? రేపు వైజాగ్‌లో ఎవరైనా కోటీశ్వరుడు జట్టు పెడతానంటే మనమూ ఇలాగే ఆపుతామా?

ముందు నా గురించి రెండు ముక్కలు. ముప్పై అయిదేళ్ళుగా ఆడిటింగ్‌లో ఉన్నాను, ఆఫీసు ద్వారకా నగర్‌లో. కుర్రతనంలో వాల్తేరు రైల్వే గ్రౌండ్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ణి. ఆట పెద్దగా సాగలేదు. లెక్కలు వచ్చినవాడు కదా అని వన్ టౌన్‌లో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు పట్టుకెళ్ళి ట్రెజరర్‌గా కూర్చోబెట్టారు. పదకొండేళ్ళు చేశాను. అందుకని నా జవాబు అభిమాని మాటలా కాకుండా పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నవాడి మాటలా ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి.

మీ కోపంలో న్యాయం ఉంది. మొదట అది చెప్పేస్తాను.

ప్రీమియర్ లీగ్ 2025-26 సీజన్ దాకా నడిపిన రూలు ప్రకారం ఒక క్లబ్బు మూడేళ్ళలో మొత్తం 105 మిలియన్ పౌండ్లకు మించి నష్టపోకూడదు. మన లెక్కలో సుమారు 1,200 కోట్ల రూపాయలు. అందులో 90 మిలియన్లు యజమాని వాటా ధనంగా తెచ్చి పోయాలి. పోయకపోతే ఆ క్లబ్బుకి పరిమితి 15 మిలియన్లే. 105 దాటాక మాత్రం యజమాని సంచులు మోసుకొచ్చి గుమ్మం ముందు పెట్టినా లీగ్ ఒప్పుకోదు. స్టేడియం, పిల్లల అకాడమీ, మహిళల జట్టు లాంటి వాటి మీద పెట్టే ఖర్చు ఈ లెక్కలోకి రాదు. ఆటగాళ్ళ కొనుగోళ్ళు, జీతాలే అసలు తకరారు.

2021 అక్టోబరులో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి న్యూకాజిల్‌ని కొంది. ప్రపంచంలో అంతకంటే డబ్బున్న యజమాని ఇంకో క్లబ్బుకి లేడేమో. అలాంటి క్లబ్బు 2024 జూన్ నెలాఖరుకి లెక్క సరిపోక, ఆ ప్రాంతంలోనే పుట్టి చిన్నప్పటి నుంచీ ఆ క్లబ్బులోనే పెరిగిన ఇలియట్ ఆండర్సన్ అనే కుర్రాణ్ణి నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి అమ్ముకుంది. ఎందుకు అతన్నే? ఇక్కడ మా వృత్తి తమాషా ఒకటుంది.

బయట నుంచి ఆటగాణ్ణి 50 మిలియన్లకు కొని అయిదేళ్ళ కాంట్రాక్టు రాసుకుంటే, పుస్తకంలో ఏడాదికి 10 మిలియన్ల చొప్పున ఖర్చు రాస్తాం. లారీ కొని తరుగుదల రాసినట్టే. రెండేళ్ళ తర్వాత అమ్మితే ఇంకా 30 మిలియన్లు పుస్తకంలో మిగిలి ఉంటుంది, దాని మీద వచ్చిందే లాభం. ఇంట్లో పెంచిన కుర్రాడి కొన్న ధర సున్నా. వాణ్ణి అమ్మితే వచ్చిన ప్రతి పౌండూ లాభమే. క్లబ్బుల్ని పొదుపుగా ఉంచుదామని పెట్టిన రూలు చివరికి ఊరి పిల్లాణ్ణే ముందు అమ్మేలా చేసింది. చెల్సీ 2023 జనవరిలో ఎన్సో ఫెర్నాండెజ్‌ని వంద మిలియన్ పౌండ్లకు పైగా పోసి కొని ఎనిమిదిన్నరేళ్ళ కాంట్రాక్టు ఎందుకు రాసిందో కూడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది: విడతలు ఎక్కువైతే ఏటా రాసే ఖర్చు తగ్గుతుంది. ఆ కన్నం తర్వాత పూడ్చారు, ఇప్పుడు ఎంత పొడుగు కాంట్రాక్టు రాసినా అయిదేళ్ళకే పంచాలి. అదే చెల్సీ తన స్టేడియం పక్కనున్న రెండు హోటళ్ళని, ఆ తర్వాత మహిళల జట్టుని తన సొంత గ్రూపు కంపెనీలకే అమ్మి లాభం చూపించింది. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. నా దగ్గర సీఏ ట్రైనింగ్ (ఆర్టికల్స్) చేసే పిల్లలు ఇలాంటి పద్దు తెస్తే కుర్చీలోంచి లేపేస్తాను, కానీ అప్పటి ఇంగ్లాండు లీగ్ రూల్లో దీన్ని ఆపే మాట లేదు.

ఇంకా మండే సంగతి మాంచెస్టర్ యునైటెడ్ కథ. 2005లో గ్లేజర్ కుటుంబం ఆ క్లబ్బుని సుమారు 790 మిలియన్ పౌండ్ల విలువకు కొంది. ఆ డబ్బులో పెద్ద భాగం అప్పు. ఆ అప్పుని ఎవరి నెత్తిన పెట్టారు? క్లబ్బు నెత్తినే. అప్పటిదాకా పైసా బాకీ లేని క్లబ్బు తనని కొన్నవాళ్ళ అప్పుకి తానే వడ్డీ కట్టడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళుగా కడుతోంది. పెళ్ళికూతురి నగలు తాకట్టు పెట్టి ఆ పిల్లకే ఓలి ఇచ్చినట్టు. ఇది ఏ రూలుకీ విరుద్ధం కాలేదు! యజమాని క్లబ్బులోకి డబ్బు తెస్తే నేరం, క్లబ్బులోంచి తీస్తే వ్యాపారం. కాబట్టి పెద్దవాళ్ళ కుర్చీ గురించి మీరన్నది ఉత్త అనుమానం అని నేను అనను. ఆదాయాన్ని బట్టే ఖర్చు ఉండాలంటే, ఆదాయం ముందే ఉన్నవాడు ఎప్పటికీ ముందే ఉంటాడు.

అయితే అడ్డంకులన్నీ ఎత్తేసి ఎవడిష్టం వాడిదని వదిలేద్దామా అంటే, అక్కడ మీతో విడిపోతాను. బ్లాక్‌బర్న్ చూడండి.

ఉత్తర ఇంగ్లాండులో మగ్గాల మిల్లులు మూతపడ్డ ఊరు అది. జాక్ వాకర్ ఆ ఊరివాడే, ఉక్కు వ్యాపారంలో సంపాదించాడు. 1989లో తన కంపెనీని బ్రిటిష్ స్టీల్‌కి అమ్మి, ఆ డబ్బుతో చిన్నప్పటి నుంచి తను చూసిన జట్టుని నిలబెట్టాడు. రెండో డివిజన్‌లో ఉన్న జట్టు 1992లో పైకొచ్చింది. అలన్ షియరర్‌ని అప్పటి బ్రిటిష్ రికార్డు ధరకి కొన్నారు. 1995 మే 14న ఆఖరి మ్యాచ్‌లో లివర్‌పూల్ చేతిలో 2-1తో ఓడిపోయి కూడా, అటు మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్ హామ్‌తో డ్రా చేసుకోవడంతో లీగ్ గెలిచారు. 1914 తర్వాత మళ్ళీ అదే మొదటిసారి. ఉక్కు డబ్బుతో ఊరి జట్టు గెలిచిందంటే మన విశాఖవాళ్ళకి కాస్త గుండె పొంగుతుంది కదా. నాకూ పొంగింది. ఈ రోజుల రూల్సు ఆ రోజు ఉంటే ఆ కప్పు వాళ్ళకి వచ్చేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

నాలుగేళ్ళకే, 1999లో, ఆ జట్టు కిందికి జారింది. మరుసటి ఏడాది వాకర్ చనిపోయాడు. ఆయన కుటుంబ ట్రస్టు కొన్నాళ్ళు మోసి, 2010 నవంబరులో 23 మిలియన్ పౌండ్లకు అమ్మేసింది. కొన్నదెవరో తెలుసుగా, వెంకీస్. పూణే కంపెనీ అంటారు గానీ దాని వేర్లు మన దగ్గరివే. బండా వాసుదేవరావు గారు 1971లో హైదరాబాదులో మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్ అది. రోజూ పేపర్లో విశాఖ గుడ్డు ధర చూస్తాం కదా, ఆ ధర చెప్పే నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) వెనుక ఉన్నదీ ఆయనే. కంపెనీ ఇంగ్లాండు వెళ్ళి ఫుట్‌బాల్ క్లబ్బు కొనేనాటికి ఆయన లేరు, పిల్లల తరం వచ్చింది.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. వచ్చిన నెలలోనే అనుభవమున్న మేనేజర్ని తీసేశారు. 2012 మేలో విగన్‌తో మ్యాచ్ ఓడిపోయి మళ్ళీ కింది డివిజన్‌కి జారిన రోజు, అభిమానులు బ్లాక్‌బర్న్ జెండా కట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. 2017లో మూడో డివిజన్‌కి కూడా పడి, ఏడాదికి పైకొచ్చారు. మనవాళ్ళు దీన్ని నవ్వులాటగా చెప్పుకుంటారు. నాకు ఆ కోడి కన్నా పద్దులు ఆసక్తి. ఎందుకంటే ఆ కుటుంబం పారిపోలేదు. తిట్లు పడుతూనే ఏటా డబ్బు పంపింది, మొత్తం రెండు వందల మిలియన్ పౌండ్లు దాటింది. క్లబ్బు సొంత ఆదాయంతో జీతాలు కూడా వెళ్ళవు, నెలనెలా ఇక్కడి నుంచి డబ్బు వెళ్ళాలి. ఈమధ్య ఇక్కడ నడుస్తున్న ఒక విచారణ కారణంగా ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకుంటే తప్ప ఆ డబ్బు పంపలేని రోజులొచ్చాయి. ఆలోచించండి. బ్లాక్‌బర్న్‌లో ఒక కుర్రాడి జీతం ఢిల్లీలో ఒక కోర్టు వాయిదా మీద ఆధారపడింది. యజమాని చెడ్డవాడై ఉండనక్కర్లేదు, డబ్బు లేనివాడై ఉండనక్కర్లేదు. మధ్యలో ఒక కాగితం ఆగితే చాలు.

వాకర్ మంచి యజమాని, వెంకీస్ చెడ్డ యజమాని అని అభిమానులు రాసుకుంటారు. నా కళ్ళకి ఇద్దరిదీ ఒకే పుస్తకం. వాకర్ రోజుల్లోనే క్లబ్బు తన కాళ్ళ మీద నడవడం మానేసింది. ఎత్తుకున్నవాడు మారాడంతే.

ఇది నాకు పుస్తకాల్లోంచి రాలేదు. వన్ టౌన్‌లో మా క్లబ్బు సంగతి చెప్తాను.

1993 దాకా మాకు నూట అరవై ఇళ్ళ నుంచి నెలకి ఇంటికి పది రూపాయల చందా వచ్చేది. ఆదివారం పొద్దున్న ఇద్దరు కుర్రాళ్ళు చందా పుస్తకం పట్టుకుని సందు సందు తిరిగేవారు. కొందరు ఇచ్చేవాళ్ళు, కొందరు "వచ్చే నెల రా నాన్నా" అనేవాళ్ళు, ఒక ముసలావిడ మాత్రం పది రూపాయలతో పాటు కుర్రాళ్ళకి చెరో జంతిక ఇచ్చి, "మొన్న గోలు ఎందుకు వదిలేశార్రా" అని తిట్టి పంపేది. ఆ పదహారు వందల్లో బంతులు, టోర్నమెంటు ఎంట్రీ ఫీజులు, బస్సు చార్జీలు, బూట్లు కుట్టించుకోవడాలు అన్నీ గడిచేవి. గెలిచింది తక్కువ. కానీ బాకీ లేదు.

ఆ ఏడు ఒక రొయ్యల ఎగుమతి వ్యాపారి మా ప్రెసిడెంటు అయ్యాడు. ఆట మీద నిజమైన పిచ్చి ఉన్న మనిషి, ఇప్పటికీ ఆయన్ని నేను చెడ్డవాడనను. కొత్త జెర్సీలు, కొత్త బూట్లు, కలకత్తా నుంచి ముగ్గురు ఆటగాళ్ళు, కేరళ నుంచి ఒక గోల్‌కీపర్. వాళ్ళకి నెలకి నాలుగేసి వేలు, లాడ్జిలో గది. మన కుర్రాళ్ళకి పదిహేను వందలు. ప్రాక్టీసు అయ్యాక జట్టంతా ఒక టిఫిన్ హోటల్లో ఇడ్లీ, ఉప్మాపెసరట్టు, ఖాతా మీద. చుట్టుపక్కల టోర్నమెంట్లు రెండేళ్ళలో నాలుగు గెలిచాం. ఇద్దరు కుర్రాళ్ళు రోజుకూలీ పని మానేసి ఆటే పనిగా పెట్టుకున్నారు. ప్రెసిడెంటు గారే నవ్వుతూ, "ఇంకా ఈ పది రూపాయల చందాలేంటండీ, పరువు తక్కువ" అన్నారు. చందా పుస్తకం బీరువాలో పెట్టేశాం. పెట్టింది నేనే.

1994 చివర్లో కోస్తా అంతా రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ తగిలింది. చెరువులకు చెరువులు చచ్చిపోయాయి. ఆయన ఎన్ని లక్షలు పోగొట్టుకున్నాడో నాకు తెలియదు, ఫిబ్రవరి నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. సరిగ్గా బ్లాక్‌బర్న్ కప్పు ఎత్తిన ఆ 1995 మే నెలలో నేను మా క్లబ్బు బాకీల జాబితా రాస్తున్నాను: టిఫిన్ హోటలుకి 11,600, లాడ్జికి 7,000, కోచ్‌కి నాలుగు నెలల జీతం, కలకత్తా కుర్రాళ్ళకి తిరుగు రైలు టికెట్లు. ఒక్క రూపాయికీ ఆయన సంతకం లేదు, అన్నీ క్లబ్బు పేరు మీదే. కమిటీలో నలుగురం పంచుకుని రెండేళ్ళపాటు తీర్చాం. పని మానేసిన ఆ ఇద్దరికి మళ్ళీ ఆ పని దొరకలేదు, ఒకడు హైదరాబాదు వెళ్ళిపోయాడు.

బాకీలు తీరాయి గానీ చందా పుస్తకం తెరుచుకోలేదు. మళ్ళీ సందుల్లోకి వెళితే, "మీకు పెద్ద మనుషులున్నారు కదండీ, మా పది దేనికి" అన్నారు. జంతికల ముసలావిడ కూడా తలుపు వేసుకుంది. పెద్ద దాత వచ్చిన చోట చిన్న దాతలు మెల్లగా తప్పుకుంటారు, ఆయన పోయాక తిరిగి రారు. ఈ నష్టాన్ని రాయడానికి ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ గడి లేదు.

ఇంగ్లాండులో 2010లో దివాలా తీసిన పోర్ట్స్‌మత్ బాకీల జాబితా పేపర్లో చదివినప్పుడు నాకు ఆ టిఫిన్ హోటలే గుర్తొచ్చింది. రెండేళ్ళ ముందు ఎఫ్‌ఏ కప్పు గెలిచిన జట్టు అది. వాళ్ళ నియమం ప్రకారం దివాలా తీసిన క్లబ్బు ఆటగాళ్ళకీ వేరే క్లబ్బులకీ పూర్తిగా కట్టాలి, మిగతావాళ్ళు చిప్ప పట్టుకుని వరసలో నిలబడాలి. ఆ మిగతావాళ్ళలో మ్యాచ్ రోజుల్లో ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ స్వచ్ఛంద సేవకుల బాకీ కూడా ఉంది. స్కాట్లాండులో గ్రెట్నా ఇంకా విడ్డూరం. మన భీమిలి కన్నా ఎంతో చిన్న ఊరు, జనాభా మూడు వేలకి అటూ ఇటూ. ఒక ధనవంతుడి డబ్బుతో ఏటా ఒక డివిజన్ ఎక్కి 2007లో పై డివిజన్‌కి చేరింది. తమ మైదానం చాలక ఎక్కడో దూరంగా ఉన్న మదర్‌వెల్ ఊళ్ళో ఆడుకున్నారు. మరుసటి ఏడాది ఆయన జబ్బుపడ్డాడు, డబ్బు ఆగింది, కొన్ని నెలల్లో క్లబ్బే లేదు.

అంత దూరం ఎందుకు, హైదరాబాద్ ఎఫ్‌సీ ఉంది కదా. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కేరళ బ్లాస్టర్స్ మీద కప్పు తెచ్చిన రాత్రి నేను ఇంట్లో ఒక్కణ్ణే లేచి గంతులేశాను, నాకు బీపీ వచ్చిందేమోనని మా ఆవిడకి భయం వేసింది. పాతతరం కోచ్ రహీం సాబ్ ఊరికి, వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన పోలీసు జట్టు ఊరికి, ఇన్నేళ్ళ తర్వాత ఒక కప్పు! రెండేళ్ళు తిరక్కుండానే జీతాలు ఆగాయి, ఫిఫా కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధించింది, ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24 సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి ఆఖరున నిలిచారు. 2024లో వేరే కంపెనీ కొంది, 2025లో జట్టుని ఢిల్లీకి తీసుకెళ్ళి పేరు కూడా మార్చేసింది. గచ్చిబౌలిలో ఇప్పుడు ఆ పసుపు జెర్సీ లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఐఎస్ఎల్‌లో జీతాలకి పరిమితి ఉంది, ఆ రోజుల్లో 16.5 కోట్లు. అంటే యజమాని ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టకుండా అడ్డుకట్ట అప్పటికే వేసి ఉంది. అయినా క్లబ్బు మునిగింది. ఎందుకంటే ఎంత ఖర్చు పెట్టొచ్చు అని అడిగారే తప్ప, ఒప్పుకున్న జీతం ఎక్కడుందో చూపించు అని ఎవరూ గట్టిగా అడగలేదు. నా వాదనంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

యజమాని ఎంతైనా పెట్టుకోనివ్వండి. కానీ ఆటగాడితో నాలుగేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం చేసే ముందు, క్లబ్బు సొంత ఆదాయానికి మించిన భాగం నాలుగేళ్ళకీ సరిపడా డబ్బు బ్యాంకులో వేయాలి, లేదా బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. రేపు ఆయనకి వైరస్ తగిలినా, కోర్టు వాయిదా పడినా, మనసు మారినా, ఆ నాలుగేళ్ళు గడుస్తాయి. మన దగ్గర బిల్డర్ అపార్టుమెంటు కడితే రెరా ఏమంటోంది? కొన్నవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టమంటోంది. మధురవాడలో ఫ్లాటు కొన్నవాడికి ఉన్న రక్షణ జట్టుకి ఎందుకు ఉండకూడదు?

ఇంకొకటి, ఆ డబ్బు అప్పుగా రాకూడదు. మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చూడండి. వ్యాపారి బోటు యజమానికి అడ్వాన్సు ఇస్తాడు, డీజిలుకీ ఐసుకీ. చాలా మంచి మాట. కానీ ఆ అడ్వాన్సు తీరేదాకా చేప ఆ వ్యాపారికే వేయాలి, ఆయన చెప్పిన ధరకే. బోటు కాగితాల్లో నీది, పట్టు ఆయనది. రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ 2003లో చెల్సీని కొన్నప్పటి నుంచి పెట్టిన డబ్బు పుస్తకాల్లో అప్పుగానే ఉంది. పందొమ్మిదేళ్ళలో అది 1.5 బిలియన్ పౌండ్లకి చేరింది. రెండు ఛాంపియన్స్ లీగ్‌లు వచ్చాయి, నిజమే. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం వల్ల బ్రిటన్ ఆయన ఆస్తులు స్తంభింపజేసినప్పుడు ఆ క్లబ్బు కొత్త టికెట్టు అమ్ముకోలేని స్థితిలో పడింది, షాపు మూసేశారు. అప్పు తిరిగి అడగనని ఆయన ప్రకటించాడు, కొత్త యజమానులు 2.5 బిలియన్లకి కొన్నారు కాబట్టి బయటపడ్డారు. లండన్‌లో ఉన్న క్లబ్బు గనక కొనేవాడు దొరికాడు. గ్రెట్నాకి ఎవడు దొరుకుతాడు? అందుకే వాటా ధనంగా, వెనక్కి అడగని డబ్బుగా పెట్టమనాలి.

మీరు అడగబోయే తర్వాతి మాట నాకు తెలుసు: డబ్బు ముందే డిపాజిట్ చేసినా, ఒకడు ధరలు పెంచేస్తే మిగతావాళ్ళు చచ్చినట్టు పెంచాలి కదా? అవును. 2017లో పారిస్ క్లబ్బు నేమార్‌కి 222 మిలియన్ యూరోలు పోశాక ఓ మోస్తరు ఆటగాడి ధర కూడా ఆకాశానికి వెళ్ళింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆ పారిస్ జట్టు ఛాంపియన్స్ లీగ్ గెలిచింది నేమార్, మెస్సీ, ఎంబాపే ముగ్గురూ వెళ్ళిపోయాక, 2025లో. డబ్బుతో కప్పు కొనలేరని నేను అనడం లేదు, కొంటారు. ఎంతకి కొంటారో ముందు చెప్పలేరు, అంతే. జీతాలు, ఆటగాళ్ళ కొనుగోళ్ళ ఖర్చుని ఆదాయంలో ఇంత శాతం అని కట్టేసే పద్ధతి ఇప్పుడు యూరప్ పోటీలు ఆడే క్లబ్బులకి వచ్చింది, యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ 70 శాతం అంటోంది. దివాలాలు తగ్గించడానికి అది పనికొస్తుంది, పెద్ద చిన్న తేడా తగ్గించడానికి పనికిరాదు. రెండిటికీ ఒకే మందు అని అమ్మేవాణ్ణి నమ్మకండి.

జర్మనీ పద్ధతి గురించి కూడా అడుగుతారు, సభ్యుల చేతుల్లో సగానికి పైగా ఓట్లుండాలనే 50+1. మంచిదే, టికెట్లు చవక, స్టేడియాలు నిండుగా ఉంటాయి. అయినా బాయర్న్ మ్యూనిక్ క్లబ్బే వరసగా పదకొండుసార్లు లీగ్ గెలిచింది. అందులో నాకు నచ్చింది గెలుపోటములు కాదు, రాత్రికి రాత్రి జట్టుని వేరే ఊరికి మోసుకుపోలేకపోవడం. విశాఖ ఉక్కు మీద "ఆంధ్రుల హక్కు" అని అరిచిన ఊరు మనది. వాటాలన్నీ ఢిల్లీ పేరున ఉన్నా ఇక్కడివాళ్ళు అది తమదే అనుకుంటారు, 2021లో అమ్ముతామన్నప్పుడు రోడ్డెక్కారు. జట్టూ అలాంటిదే. పేరు, ఊరు, జెర్సీ రంగు, మైదానం ఈ నాలుగూ యజమాని వాటాల్లోకి రాకూడదు. కార్డిఫ్ యజమాని 2012లో నీలం జట్టుకి ఎర్ర జెర్సీ తొడిగాడు, రెండున్నరేళ్ళ గొడవ తర్వాత మళ్ళీ నీలానికి వచ్చాడు. ఇంగ్లాండు ఇప్పుడు 2025లో చట్టం చేసి, ఇలాంటివి చూడటానికి స్వతంత్ర నియంత్రణ సంస్థని పెట్టింది. ఎలా పనిచేస్తుందో కొన్నేళ్ళు పోతే గానీ చెప్పలేం.

ఇక వైజాగ్ మాట. కిందటేడు ఒక పెద్దమనిషి మనవాళ్ళ ద్వారా నా దగ్గరికి వచ్చారు. కుర్రాళ్ళతో జట్టు కడతాను, బయట నుంచి ఆటగాళ్ళని తెస్తాను, మూడేళ్ళలో ఐ లీగ్ ఆడిద్దాం, లెక్కలు మీరు చూడండి అన్నారు. ఆపలేదు నేను. చాలా సంతోషం సార్ అని టీ ఇప్పించి మూడు కాగితాలు అడిగాను. మొదటి మూడేళ్ళ జీతాలకి బ్యాంకు గ్యారంటీ. ఇచ్చేది అప్పు కాదని రాతపూర్వకంగా. జట్టు పేరు, రంగు సభ్యుల సంఘం పేరు మీద రిజిస్ట్రేషన్. నాలుగోది కాగితం కాదు, ఒక షరతు: పిల్లల ఇళ్ళ నుంచి నెలకి యాభై రూపాయల చందా వసూలు చేస్తూనే ఉంటాం, మీరు ఎంత ఇచ్చినా. మొదటి మూడింటికీ తల ఊపారు, నాలుగోదానికి నవ్వారు. "యాభై రూపాయలా!" అన్నారు. అచ్చం ఆ నవ్వే, 1993లో విన్నది.

చార్టర్డ్ అకౌంటెంటుతో మాట్లాడి చెప్తానన్నారు. నేనే చార్టర్డ్ అకౌంటెంటుని అని గుర్తు చేయలేదు. నాలుగు నెలలైంది, ఫోన్ రాలేదు. ఈలోగా రైల్వే గ్రౌండ్ పక్కన సాయంత్రం ఐదింటికి ముప్పై ఇద్దరు పిల్లలు వస్తున్నారు. ఈ నెల చందా పద్నాలుగు వందలు వచ్చింది, ఇంకా నలుగురు ఇవ్వాలి.